క్వేసార్ నుంచి వాయువు బయటికి వస్తోందని యూవీ స్పెక్ట్రమ్‌తో ఎలా తేలుస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఎస్‌డీఎస్‌ఎస్ అనే ఆకాశ సర్వే నుంచి రెడ్‌షిఫ్ట్ 2.0 ఉన్న (అంటే వెలుగు తరంగాలు 3 రెట్లు సాగి వచ్చిన) ఒక క్వేసార్ స్పెక్ట్రమ్ దింపుకున్నారు. క్వేసార్ అంటే భారీ నల్ల బిలం చుట్టూ తిరిగే వేడి వాయువు పళ్లెం వల్ల ధగధగలాడే గెలాక్సీ నడిబొడ్డు. అందులో 4340.0, 4347.2 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర పక్కపక్కనే వెలుగు తగ్గిన రెండు గుంటలు కనిపించాయి. ఒక్కోటి, వేగం లెక్కలో చెప్పాలంటే, సెకనుకు 400 కిలోమీటర్ల వెడల్పు. చుట్టూ ఉన్న వెలుగును 1 అనుకుంటే మొదటి గుంట అడుగు 0.3, రెండోదాని అడుగు 0.4. ‘సెకనుకు 20 వేల కిలోమీటర్ల వేగంతో వాయువు దూసుకొస్తోంది’ అని రాసి గైడ్‌కు చూపిస్తే ఆయన మూడు ప్రశ్నలు వేశారు. అది క్వేసార్‌దేనని ఏమిటి నమ్మకం? ఎంత దూరంలో ఉంది? దానివల్ల గెలాక్సీకి ఏమైనా అవుతుందా?

టెన్షన్ పడకండి. ఇన్నేళ్లుగా ఈ రంగంలో అందరూ తల పట్టుకుంటున్నది ఆ మూడింటి దగ్గరే. మీరు లెక్కకట్టిన వేగం వీటన్నిటిలో తేలికైన భాగం.

ముందు మీ చివరి లైన్‌లోని చిన్న సందేహం. ‘నాది కంటికి కనిపించే వెలుగులో తీసిన స్పెక్ట్రమ్ కదా, అందరూ యూవీ అంటారేమిటి’ అన్నారు. మీరు చూసింది యూవీనే (అతినీలలోహిత కాంతి). ఆ రెండు గుంటలు సీ-4 జంట రేఖలు. సీ-4 అంటే మూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన కార్బన్ (ఏమీ ఊడనిదాన్ని 1 అంటారు కాబట్టి అంకె ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఉంటుంది). వాటి అసలు చోటు 1548.2, 1550.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. ప్రధానంగా దారిలో విశ్వం సాగడంతో అవీ 2.8 రెట్లు సాగి మీ దగ్గరికి నీలం వెలుగుగా చేరాయి. పలచటి వాయువులో అయాన్లు దాదాపు అన్నీ శక్తి మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు మీదే కూర్చుని ఉంటాయి. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, సిలికాన్ అయాన్లు ఆ మెట్టు మీద నుంచి పైకెక్కడానికి మింగే బలమైన రేఖలు యూవీలోనే ఉన్నాయి. అందుకే ఈ పనికి యూవీ తప్ప గతి లేదు.

చిక్కేమిటంటే సుమారు 3100 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యాన్ని మన ఓజోన్ పొర కిందికి రానివ్వదు. రెడ్‌షిఫ్ట్ 1.1 దాటితే సీ-4 తనంతట తానే నేల మీది టెలిస్కోపుకు అందుతుంది. దగ్గరి క్వేసార్లకు మాత్రం అంతరిక్షంలోకి వెళ్లక తప్పదు. 1978 నుంచి 1996 దాకా ఐయూఈ ఉపగ్రహం, 1999 నుంచి 2007 దాకా ఫ్యూజ్, 1990 నుంచి హబుల్ ఈ పని చేశాయి. 2009 మేలో వ్యోమగాములు హబుల్‌లో బిగించిన కాస్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ వచ్చాకే బలహీనమైన క్వేసార్లను కూడా నాణ్యంగా చూడగలిగాం.

వేగం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వెలుగు సాగింది క్వేసార్‌కు 3.0 రెట్లు, గుంటకు 2.803 రెట్లు (రెడ్‌షిఫ్ట్‌కు 1 కలిపితే వచ్చే అంకె ఇది), మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.0702. దాని వర్గం లోంచి 1 తీసేసి, అదే వర్గానికి 1 కలిపినదానితో భాగిస్తే 0.0677. అంటే కాంతి వేగంలో 6.8 శాతం, సెకనుకు 20,300 కిలోమీటర్లు. మీ లెక్క సరిగానే ఉంది. ఒక్క జాగ్రత్త: ఆ 2.0 అనే రెడ్‌షిఫ్ట్ ఏ రేఖ నుంచి తీశారో చూసుకోండి. క్వేసార్ల సీ-4 ఉద్గార రేఖ (వెలుగు ఎక్కువై కనిపించే రేఖ) తరచుగా అసలు చోటు కన్నా నీలం వైపు జరిగి ఉంటుంది, కొన్నిట్లో సెకనుకు వెయ్యి కిలోమీటర్లు పైనే. మీ క్వేసార్‌లో మెగ్నీషియం-2 రేఖ 8400 దగ్గర దొరుకుతుంది, దాన్ని నమ్ముకోవడం మేలు.

ఇక మొదటి ప్రశ్న. క్వేసార్ అనేదేమిటో 1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 రెడ్‌షిఫ్ట్ 0.158 అని తేల్చాక తెలిసింది. నాలుగేళ్లకే, 1967లో, రోజర్ లిండ్స్ పీహెచ్‌ఎల్ 5200 అనే క్వేసార్‌లో ఉద్గార రేఖల నీలం అంచును ఎవరో గోకి తీసేసినట్టు వేల కిలోమీటర్ల వెడల్పున్న గుంటలు చూపించారు. అంత వెడల్పు గుంట ఉంటే ఇంక వాదన అక్కర్లేదు. మధ్యలో అడ్డొచ్చిన ఏ గెలాక్సీలోనూ వాయువు అంత విచ్చలవిడిగా కదలదు. ఇలాంటివాటిని బాల్ (బ్రాడ్ అబ్సార్ప్షన్ లైన్) క్వేసార్లు అంటారు. 1991లో కుదిరిన కొలమానం ప్రకారం గుంట కనీసం సెకనుకు 2,000 కిలోమీటర్ల పొడవునా తెగకుండా ఉండాలి. కంటికి కనిపించే వెలుగులో ఎంచిన క్వేసార్లలో ఇవి పది నుంచి ఇరవై శాతం దాకా ఉంటాయి. మీది 400 కిలోమీటర్లే. క్వేసార్‌కూ మనకూ మధ్య రెడ్‌షిఫ్ట్ 1.803 దగ్గర ఏదో అనామక గెలాక్సీ ఉండి, దాని చుట్టూ ఉన్న వాయువు ఈ గుంట చేసి ఉండొచ్చు. అప్పుడు మీ 20 వేల కిలోమీటర్లు ఉత్త దూరం తేడాయే, క్వేసార్ నుంచి వీచే గాలీ లేదు గీలీ లేదు.

దీనికి జవాబు మీ రెండు అంకెల్లోనే ఉంది. రెండు రేఖలూ ఒకే అయాన్‌వి, ఒకే మెట్టు మీద నుంచి బయల్దేరేవి. క్వాంటం లెక్క ప్రకారం 1548 రేఖ 1551 రేఖ కన్నా కచ్చితంగా రెండింతలు బలమైనది. అంటే ఆప్టికల్ డెప్త్ (వాయువు వెలుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) 2కు 1 నిష్పత్తిలో రావాలి. మీరు రిపోర్టులో చేసినట్టు నేరుగా లాగరిథమ్ తీస్తే 0.3కు 1.20, 0.4కు 0.92 వస్తాయి. నిష్పత్తి 1.3. మీరిచ్చిన పట్టికలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దీన్ని చూడగానే ఆగి ఉండాల్సింది.

కిటికీకి ముప్పావు వంతే కప్పే దుప్పటి కట్టారనుకోండి. దుప్పటి ఎంత మందమైనా మిగతా పావు వంతు లోంచి వెలుగు వస్తూనే ఉంటుంది. గదిలో వెలుగు చూసి ‘దుప్పటి పలచన’ అని లెక్క కడితే తప్పు. ఇక్కడా అదే. వాయువు వెనకున్న వెలుగు మూలాన్ని పూర్తిగా కప్పడం లేదు. ఎంత కప్పిందో రెండు రేఖల్ని కలిపి కనుక్కోవచ్చు. ఎర్ర వైపు రేఖ (1551) అడుగును 1 లోంచి తీసేసి వర్గం చేయండి: 0.6 వర్గం 0.36. దాన్ని, నీలం రేఖ (1548) అడుగుకు 1 కలిపి ఎర్ర రేఖ అడుగుకు రెట్టింపు తీసేస్తే వచ్చే 0.5తో భాగించండి. 0.72 వస్తుంది. వాయువు 72 శాతం మాత్రమే కప్పింది, 28 శాతం వెలుగు పక్క నుంచి వచ్చేస్తోంది. ఆ 0.28 తీసేసి మళ్లీ లెక్కిస్తే 1551 రేఖ అసలు ఆప్టికల్ డెప్త్ 1.79, 1548ది 3.58. ఇప్పుడు నిష్పత్తి సరిగ్గా 2. ఎర్ర రేఖ నుంచి మీరు తీసిన వాయువు పరిమాణం అసలుదానిలో సగమే. నీలం రేఖను నమ్ముకుని ఉంటే మూడో వంతే వచ్చేది.

మీ లెక్కను పాడు చేసిన ఆ 28 శాతమే మీ వాదనను నిలబెడుతుంది కూడా. క్వేసార్‌లో యూవీ వెలుగు వచ్చే పళ్లెం కొన్ని కాంతి రోజుల వెడల్పు ఉంటుంది, అంతే. గెలాక్సీ చుట్టూ ఉండే వాయువు మేఘం దాంతో పోలిస్తే కొండంత, ఆ చిన్న పళ్లేన్ని పూర్తిగా కప్పేస్తుంది గానీ ముప్పావు వంతు కప్పి ఊరుకోదు. కాబట్టి పాక్షికంగా కప్పడం నిజమైతే వాయువు క్వేసార్‌ది అనడానికి అది గట్టి సాక్ష్యం.

‘నిజమైతే’ అని ఊరికే అనలేదు. ఎస్‌డీఎస్‌ఎస్ స్పెక్ట్రమ్ విడదీయగలిగేది సుమారు 150 కిలోమీటర్ల దాకే. మీ 400 కిలోమీటర్ల గుంటలో సన్నటి, పూర్తిగా నల్లబడిన రేఖలు నాలుగైదు ఇరుక్కుని ఉండి, పరికరం వాటిని కలిపి మసకబార్చి అడుగును 0.3కు లేపి ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇంతకన్నా పదునైన స్పెక్ట్రమ్ ఉందేమో వెతకండి. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుకున్న యూవీఈఎస్ పరికరం దాదాపు 40,000 రిజల్యూషన్ (విడదీసే శక్తి) ఇస్తుంది, పాత డేటా ఈఎస్‌ఓ ఆర్కైవ్‌లో ఉచితం. హబుల్ కాస్ డేటాలోనూ ఈ బాధ ఉంది. అద్దం పాలిష్‌లోని సూక్ష్మ లోపాల వల్ల దాని రేఖల ఆకారానికి వెడల్పాటి తోకలుంటాయి. అవి సన్నటి గుంటల అడుగును నింపేస్తాయి. తోకల్ని లెక్కలోకి తీసుకోకుండా ‘పాక్షిక కప్పు’ అని రాసిన డ్రాఫ్టులు నేనే కొన్ని వెనక్కి పంపాను.

రేఖల గుర్తింపు గురించి నా సొంత పరువు తక్కువ కథ ఒకటి. పీహెచ్‌డీ రెండో ఏడు, రెడ్‌షిఫ్ట్ 0.25 ఉన్న ఒక క్వేసార్ కాస్ స్పెక్ట్రమ్‌లో 1260.4 దగ్గర చక్కటి గుంట కనిపించింది. ఆక్సిజన్-6 రేఖ, 1031.9, అనుకున్నాను. లెక్క కడితే సెకనుకు 6,900 కిలోమీటర్లు. భలే దొరికిందని రెండు వారాలు దాని మీదే కూర్చున్నాను. ఆక్సిజన్-6 కూడా జంట రేఖే. రెండోది 1267.3 దగ్గర ఉండాలి. లేదు. ‘నాయిజ్‌లో కలిసిపోయి ఉంటుంది’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పక్క సీట్లో కూర్చునే సీనియర్ అక్క ఒకరు స్క్రీన్ వైపు ఒక చూపు చూసి, ‘అది మన పాలపుంతలోని సిలికాన్-2 రా, ప్రతి క్వేసార్‌లోనూ అక్కడే ఉంటుంది’ అని టీ తాగడానికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి కాస్ స్పెక్ట్రమ్ తెరవగానే మొదట 1260, 1334, 1393 లాంటి పాలపుంత రేఖలన్నిటి మీదా గీతలు గీసేస్తాను. 1215.67 దగ్గర, 1302 నుంచి 1306 దాకా కనిపించే ప్రకాశం మన భూమి వాతావరణానిదే, దాన్నీ కొట్టేస్తాను. ఆ తర్వాతే క్వేసార్ జోలికి.

రెండో ప్రశ్న, దూరం. ఇదే అసలు కీలకం. మన చూపు సరళరేఖలో పడుతుంది కాబట్టి వాయువు నల్ల బిలానికి ఒక కాంతి నెల దూరంలో ఉందా, పదివేల కాంతి సంవత్సరాల దూరంలో ఉందా అన్నది గుంటను చూసి తెలియదు. దొడ్డిదారి ఒకటుంది. వాయువులోని అయాన్ల స్థితి చూస్తే ఒక్కో పరమాణువు మీద ఎంత వెలుగు పడుతోందో తెలుస్తుంది. ఈ పనికి గ్యారీ ఫెర్లాండ్ మొదలుపెట్టిన క్లౌడీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడతాం. వెలుగు మూలం బలం మనకు ముందే తెలుసు. దూరం పెరిగితే వెలుగు వర్గం లెక్కన తగ్గుతుంది. ఇక వాయువు సాంద్రత ఒక్కటి తెలిస్తే దూరం చేతికి వచ్చేస్తుంది.

ఆ సాంద్రత చెప్పేది కింది మెట్టుకు కొంచెం పైన, అటక లాంటి చోట ఉన్న అయాన్లు. గంధకం-4 తీసుకోండి. కింది మెట్టు మీద ఉన్న అయాన్ 1062.7 దగ్గర వెలుగు మింగుతుంది, అటక మీద ఉన్నది 1073.0 దగ్గర మింగుతుంది. అటక మీదికి ఎక్కించేది చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల ఢీలు. ఎక్కింది కాసేపటికి తనంతట తానే దిగిపోతుంది. ఎలక్ట్రాన్లు పలచగా ఉంటే అటక ఖాళీ. కిక్కిరిసి ఉంటే అటక నిండుతుంది. గంధకం-4 విషయంలో ఈ మార్పు ఘన సెంటీమీటరుకు సుమారు 50 వేల ఎలక్ట్రాన్ల దగ్గర జరుగుతుంది. కాబట్టి రెండు గుంటల్లోని అయాన్ల నిష్పత్తి నేరుగా సాంద్రతామాపకం.

అంకెలతో చూడండి, చేతికందేలా నేనే ఎంచుకున్నవి. అటక మీద ఉన్నవి కింద ఉన్నవాటికి 0.3 వంతు అనుకుందాం. ఘన సెంటీమీటరుకు సుమారు 10 వేల ఎలక్ట్రాన్లు వస్తాయి. క్వేసార్ సెకనుకు 10⁵⁷ అయనీకరణ ఫోటాన్లు (ఎలక్ట్రాన్లను ఊడగొట్టగల వెలుగు కణాలు) వెదజల్లుతోంది, క్లౌడీ ఇచ్చిన అయనీకరణ గుణకం 0.03. అంటే ఒక్కో హైడ్రోజన్ పరమాణువుకు 0.03 ఫోటాన్ చొప్పున అక్కడ వెలుగు ఉందన్నమాట. లెక్క తేల్చితే దూరం వెయ్యి పార్సెక్‌లు, సుమారు 3,300 కాంతి సంవత్సరాలు. అంటే గెలాక్సీ నడిబొడ్డు దాటి చాలా దూరం వచ్చేసింది.

ఇది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. పళ్లెం మీద నుంచి గాలి లేస్తుందని చెప్పే సిద్ధాంతాలు వాయువు నల్ల బిలానికి 0.01 నుంచి 0.1 పార్సెక్ దూరంలో ఉండాలంటాయి. గంధకం-4 లాంటి రేఖలతో కొలిచిన చాలా వాటిలో వందల, వేల పార్సెక్‌లు వచ్చాయి. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో నహూమ్ అరవ్ బృందం ఈ పని మీద ఏళ్ల తరబడి కూర్చుంది. అలాగని అన్నీ దూరంగానే ఉంటాయని అనుకోకండి. ఎన్‌జీసీ 5548 అనే దగ్గరి గెలాక్సీని 2013లో ఎక్స్‌రే ఉపగ్రహాలతో, హబుల్‌తో కలిపి నెలల తరబడి చూస్తుంటే, మృదువైన ఎక్స్‌రేల్లో 90 శాతం మాయమై కనిపించాయి. అదే సమయంలో యూవీలో సెకనుకు 5,000 కిలోమీటర్ల దాకా సాగిన కొత్త వెడల్పాటి గుంటలు వచ్చాయి. నల్ల బిలానికి కొన్ని కాంతి రోజుల దూరంలోనే ఒక వాయు ప్రవాహం మన చూపుకు అడ్డొచ్చింది. యెల్లే కాస్త్రా బృందం 2014లో దాన్ని ప్రచురించింది.

మూడో ప్రశ్నకు దూరం ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు తెలుస్తుంది. గాలి మోసుకెళ్లే శక్తి మూడింటి గుణకారం: దూరం, వాయువు పరిమాణం, వేగం ఘనం. పై ఉదాహరణలో వెయ్యి పార్సెక్‌ల దగ్గర చదరపు సెంటీమీటరు మీద 10²¹ హైడ్రోజన్ పరమాణువులు, వేగం సెకనుకు 5,000 కిలోమీటర్లు, ఆకాశంలో ఐదో వంతు దిక్కులకు గాలి వీస్తోందనుకోండి (ఆ ఐదో వంతు బాల్ క్వేసార్ల శాతం చూసి తీసుకున్నది). ఏడాదికి సుమారు 140 సూర్యుల ద్రవ్యరాశి బయటికి పోతుంది. శక్తి సెకనుకు 10⁴⁵ ఎర్గులు. క్వేసార్ వెలుగు 10⁴⁷ అయితే అది ఒక శాతం. గాలి గెలాక్సీలోని వాయువును ఊడ్చేసి కొత్త నక్షత్రాలు పుట్టకుండా ఆపాలంటే వెలుగులో 0.5 నుంచి 5 శాతం దాకా శక్తి కావాలని సిద్ధాంత లెక్కలు చెబుతాయి. మన ఉదాహరణ ఆ గీత దాటింది. అదే వాయువు 0.1 పార్సెక్ దగ్గర ఉంటే శక్తి పదివేలలో ఒక వంతుకు పడిపోతుంది, గెలాక్సీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే గుంట, అదే వేగం. దూరం తెలియకుండా ‘ఈ గాలి గెలాక్సీని మార్చేస్తోంది’ అని రాయకండి. మీ రిపోర్టు చివరి పేరా ఆ పొరపాటే చేసింది.

ఇంకో సంగతి. సీ-4 చెప్పేది గాలిలో చల్లటి భాగం గురించే. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గరి క్వేసార్‌ను కాస్‌తో చూస్తే అసలు 500 నుంచి 1050 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య ఉన్న రేఖలు దాని కిటికీలోకి వస్తాయి. నియాన్-8 (770, 780), మెగ్నీషియం-10 (610, 625) లాంటివి. బాగా వేడెక్కిన వాయువు వాటిలో పట్టుబడుతుంది, సాధారణంగా అసలు ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. అరవ్ బృందం 2020లో వెలువరించిన వరుస పరిశోధనల్లో ఎస్‌డీఎస్‌ఎస్ జే1042+1646 అనే క్వేసార్ గాలి కొద్ది ఏళ్లలోనే గంటకు సుమారు 6.9 కోట్ల కిలోమీటర్ల నుంచి 7.4 కోట్లకు వేగం పెంచుకున్నట్టు కనిపించింది. గాలి కళ్లెదుటే వేగం పుంజుకోవడం చాలా అరుదు. నియాన్-8 రేఖలతో మన దేశంలోనూ మంచి పని జరిగింది, పుణేలోని ఖగోళశాస్త్ర కేంద్రం ఐయూకా వాళ్ల పేపర్లు చదవండి.

మీ క్వేసార్ దగ్గరికి వద్దాం. గంధకం-4 రేఖలు మీకు 2979, 3008 దగ్గర పడతాయి. ఓజోన్ మింగేస్తుంది, హబుల్ తప్ప దారి లేదు. 2024 జూన్ నుంచి అది ఒకే గైరో (గురి నిలిపే పరికరం)తో నడుస్తోంది, టైమ్ దొరకడం మునుపటి కన్నా కష్టం. సిలికాన్-2కు కూడా ఇలాంటి అటక ఉంది. కింది మెట్టుది 1526.7, అటకది 1533.4. మీ గుంట వేగంతో లెక్కిస్తే 4279.8, 4298.6 దగ్గర రావాలి. రెండూ మీ స్పెక్ట్రమ్‌లోనే ఉన్నాయి. ఇంత అయనీకరించిన గాలిలో సిలికాన్-2 ఉండకపోవడమే ఎక్కువ, కానీ చూడ్డానికి రెండు నిమిషాలు. అది రెండు చోట్లా కనిపిస్తే మీ ప్రాజెక్టు ఎమ్మెస్సీ స్థాయి దాటిపోయినట్టే.

లేకపోతే కాలాన్ని నమ్ముకోండి. ఎస్‌డీఎస్‌ఎస్ అదే క్వేసార్‌ను పదేళ్ల తేడాతో మళ్లీ చూసి ఉండొచ్చు. అక్కడి లెక్కలో అది 3.3 ఏళ్లు మాత్రమే, ఎందుకంటే రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర గడియారం కూడా మూడింతలు సాగుతుంది. రెండు స్పెక్ట్రమ్‌లూ ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. గుంట లోతు మారితే అడ్డొచ్చిన గెలాక్సీ అనే వాదన అక్కడికక్కడే పోతుంది, అంత పెద్ద మేఘం మూడేళ్లలో మారదు. దక్షిణాఫ్రికాలోని సాల్ట్ టెలిస్కోపులో ఐయూకాకు వాటా ఉంది, అక్కడివాళ్లు సరిగ్గా ఇలాంటి మార్పుల కోసమే వేగవంతమైన గాలులున్న క్వేసార్లను పదేపదే చూస్తున్నారు. మీ గైడ్‌కు అక్కడ ఎవరైనా తెలిస్తే ఒక మెయిల్ పెట్టమనండి. రెండో స్పెక్ట్రమ్ దొరికితే ఆ రెండు గుంటల అడుగులు ఎంతున్నాయో ఇక్కడ రాయండి, 0.72 నిలబడుతుందో లేదో కలిసి చూద్దాం.